డబ్బా మా ఇంట్లోనే ఉందన్నయ్యగారూ

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా తెలుగువాళ్ళందరికీ కలిపి ఒకటే పెద్ద గుండిగ ఉండేది. ఎవరింట్లో పుట్టినరోజైనా, ప్రార్థన కూటమైనా బిర్యానీ అందులోనే ఉడికేది. అది ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. ఎవరింట్లో ఉందో తెలియాలంటే వాట్సాప్ గ్రూపులో కేకేయాల్సిందే. "మొన్నటిదాకా మా సెల్లార్‌లోనే ఉందండీ, ఎవరో పట్టుకెళ్ళారు" అని ఒకరంటారు. "మేం ఎప్పుడో ఇచ్చేశాం కదా" అని ఇంకొకరంటారు. చివరికి ఎక్కడో తేలేది. క్యారమ్ బోర్డు, చంటిపిల్లల కారు సీటు, మంచులో నడిచే బూట్లు, అన్నీ అంతే. పరాయి దేశంలో అదొక ధైర్యం. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు. ఉపగ్రహం డబ్బా కూడా అలాగే మా చేతుల్లో పడింది.

దాన్ని కొన్నది మా ప్రార్థన కూటం నడిపే అన్నయ్యగారు. కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం ఆయనది. వంటింట్లో నిప్పు ఆర్పే దుప్పటి తగిలించుకునే మనిషి. ఒక వేసవిలో కారులో నార్వే దాకా వెళుతూ, దారిలో ఫోన్లు పనిచేయవని తెప్పించుకున్నారు. అరచేతిలో పట్టే నారింజ రంగు డబ్బా. తెర లేదు, అక్షరాలు లేవు, రెండు బొత్తాలు, రెండు చిన్న దీపాలు. సెల్ టవర్ లేనిచోట అది నేరుగా ఆకాశంలో ఉపగ్రహానికి కబురు పంపుతుంది. పైకి కనిపించే బొత్తాం నొక్కితే "క్షేమంగా ఉన్నాం" అని, మనం ఉన్న చోటుతో సహా, అన్నయ్యగారి ఫోన్‌కి వెళుతుంది. రెండో బొత్తాం ఒక మూత కింద ఉంటుంది. అది ప్రాణం మీదికొస్తేనే నొక్కాలి. నొక్కితే ఎక్కడో వేరే దేశంలో ఉన్న సహాయ కేంద్రానికి తెలుస్తుంది. వాళ్ళు ముందు డబ్బా యజమానికి ఫోన్ చేసి, అది ఎవరి దగ్గరుంది, ఎంతమంది ఉన్నారు, ఎటు వెళ్ళారు అని అడిగి, ఆ చోటికి దగ్గర్లోని రక్షణ దళాన్ని పంపుతారు. తెర లేని డబ్బా కాబట్టి మనల్ని తిరిగి ఏమీ అడగలేరు. యజమాని చెప్పిందే వాళ్ళకి వేదవాక్కు.

అందుకే అన్నయ్యగారు ఒకే ఒక్క మాట అడిగారు. "ఎవరైనా తీసుకెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. చేతులు మారితే మాత్రం నాకు చెప్పండి. ఫోనొస్తే ఎవరి పేరు చెప్పాలో నాకు తెలియాలి కదండీ." అందరం తలలూపాం. తల ఊపడానికేం పోయింది!

ఒకసారి ఆ డబ్బాని ఎవరో కారు డిక్కీలో గుండిగ పక్కన పడేశారు. మలుపులో గుండిగ దొర్లి, మూత ఊడి, బొత్తాం నొక్కుకుపోయింది. మేమంతా ప్రార్థనలో ఉండగా అన్నయ్యగారికి ఫోనొచ్చింది, మీవాళ్ళు ఆపదలో ఉన్నారు అని. ఆపదలో ఉన్నది బిర్యానీ. నెలల తరబడి దాన్నే చెప్పుకుని నవ్వాం. నార్వేలో నొక్కిన "క్షేమం" మర్నాడు తీరిగ్గా చేరిన సంగతి కూడా కలుపుకుని, ఆ డబ్బాకి మతిమరుపని పేరు పెట్టాం. ఎంత నవ్వామో తల్చుకుంటే ఇప్పుడు నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక ఆ పిల్ల సంగతి చెప్పాలి.

నేనప్పుడు బ్లూ కార్డనే ఉద్యోగపు వీసా మీద వచ్చి, కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాను. మాది నరసాపురం దగ్గర. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అది జర్మనీ చలికి కూడా చల్లారలేదు. ఆ రోజుల్లో ప్రతి సెమిస్టర్‌కీ విమానాల నిండా చదువుకునే పిల్లలు దిగేవాళ్ళు. గది దొరకదు. గది లేందే ఊళ్ళో పేరు నమోదు చేసుకునే అన్‌మెల్డుంగ్ కాదు, అది లేందే మిగతా ఏ పనీ కాదు. ఈ పిల్ల కూడా అలా ఎస్-బాన్ రైళ్ళలో సూట్‌కేసుతో ఊరూరూ తిరుగుతూ, ఎవరో నంబరిస్తే మా ఇంటికొచ్చింది. హైదరాబాద్ అమ్మాయి, ముస్లిం. వాళ్ళ అమ్మీది నల్లగొండ, తెలుగు మీడియం బడిలో టీచరు. అందుకని పిల్ల తెలుగు నా తెలుగుకంటే చక్కగా ఉండేది. "ఇల్లు దొరికేదాకా ఉండు" అన్నాను. చదువు అయ్యేదాకా ఉంది.

పొద్దున్నే ఒక బేకరీలో పనిచేసి, స్టుట్‌గార్ట్‌లో క్లాసులకి పోయి, సాయంత్రం మిగిలిన రొట్టెలు సంచీ నిండా తెచ్చేది. నేను దేనికైనా అరిస్తే, నా ఎదురుగా చేతులు కట్టుకుని "ఆయ్, అలాగేనండీ, మరండీ" అని నా గోదావరి యాసని దించేది. అరిచే మనిషి ముందు ఎవరైనా అలా నిలబడితే కోపం ఎక్కడుంటుంది? నా చెల్లెలు నన్ను అంత ప్రేమగా వెక్కిరించలేదు ఎప్పుడూ.

కొండలంటే దానికి పిచ్చి. నన్ను కూడా లాక్కుపోయేది. వాళ్ళ అమ్మీకి మాత్రం హడల్. ఒక్కగానొక్క పిల్ల, తండ్రి లేడు. ఫోన్ కలవకపోతే అక్కడ అన్నం ముట్టేది కాదు. అందుకని ఫోన్లు పనిచేయని మారుమూల కొండలకి మాత్రం వెళ్ళనని అమ్మీకి మాటిచ్చింది.

జూన్‌లో థీసిస్ ఇచ్చేసింది. స్టుట్‌గార్ట్‌లోనే ఉద్యోగం కూడా ఖాయమైంది, బ్లూ కార్డు కోసం వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకడమే మిగిలింది. "అక్కా, ఒక్కసారి ఆల్గాయ్ కొండలకు పోదామక్కా. అసలైన కొండలు" అని వెంటపడింది. సరిగ్గా ఆ ముందు వారమే మా వదిన వాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చారు. వదినంటే చుట్టరికం ఏమీ లేదు. గుంటూరావిడ, ప్రార్థన కూటంలో పరిచయం, రెండు వీధులవతల ఉంటుంది. జ్వరమొస్తే చారు గిన్నెతో వచ్చే మనిషి. దారి కనుక్కుందామని ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం.

"బంగారంలాంటి దారమ్మా, పిల్లలతోనే నడిచాం. చెరువు దాకా పోయి తిరిగొచ్చాం. ఇంకా పైకి పోతే బ్రహ్మాండంగా ఉంటదంట" అంది వదిన. ఫోన్లు పనిచేస్తాయా అని పిల్ల అడిగింది. "ఫోనెందుకమ్మా, ఇది పట్టుకుపో!" అని చెప్పుల అల్మారాలోంచి నారింజ డబ్బా తీసి దాని చేతిలో పెట్టింది. అన్నయ్యగారి దగ్గర్నుంచి తమ ప్రయాణానికి తెచ్చుకున్నది ఇంకా తిరిగివ్వలేదు.

"వదినా, అన్నయ్యగారికి చెప్పాలి కదా?" అన్నాను.

"నేను చెప్తాలేమ్మా. ఆదివారం చర్చిలో కనపడతారుగా. ఆపాటికి మీరు తెచ్చి ఇచ్చేస్తారు" అంది.

పిల్ల అక్కడే నిలబడి డబ్బాకి ఫోటో తీసి అమ్మీకి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అమ్మీ, గిది జూడు. ఒక ఆంటీ ఇచ్చింది. ఫోన్ లేకున్నా బటన్ ఒత్తితే హెలికాప్టరే ఒస్తది. ఇగ నువ్వు రంది పెట్టుకోకు." అమ్మీ సరేనంది. ఆ డబ్బా ఉందనే సరేనంది.

శనివారం బయల్దేరాం. రైలు, ఆ తర్వాత బస్సు. పొద్దున్నంతా ఎండ, సాయంత్రానికి ఉరుములు అని ఫోన్‌లో చూశాం. ఉరుములొచ్చేసరికి బస్సెక్కేస్తాం కదా అనుకున్నాం. చెరువు దాటి పైకి నడిచాం. ఫోన్‌లో దించుకున్న పటం చూసుకుంటూ పిల్ల ముందు నడుస్తూ పాటలు పాడుతోంది. బస్సు దిగిన కాసేపటికే సిగ్నల్ పోయింది. చెరువు దగ్గర పిల్ల పై బొత్తాం నొక్కి "క్షేమం" పంపబోతే నేనే ఆపాను. "ఉత్త పుణ్యానికి అన్నయ్యగారికి మెసేజ్ పోతే వదిన ఇరుక్కుంటుందే. ఆవిడింకా చెప్పలేదు" అన్నాను. పిల్ల నవ్వి డబ్బాని సంచీలో పెట్టేసింది.

ఆ కొండల్లో ఉత్తరం వైపు పల్లాల్లో జూన్‌లో కూడా పాత మంచు మిగిలి ఉంటుంది. దారి అలాంటి ఒక మంచు వాలుని అడ్డంగా దాటుతుంది. ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల గుంటలున్నాయి. వాటిల్లోనే కాళ్ళు పెట్టుకుంటూ నేను ముందు దాటాను. అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి అది మంచు మధ్యలో ఉంది. నన్ను చూసి ఏదో అనబోయింది. కాలు జారింది. "యా అల్లా" అన్నది ఒక్కసారే వినపడింది. కింద రాళ్ళ దగ్గర ఆగింది.

ఎలా దిగానో నాకు తెలియదు. అరచేతుల చర్మం మంచుకి, రాళ్ళకి చీరుకుపోయింది. పిల్ల స్పృహలోనే ఉంది. తొడ ఎముక విరిగింది. నెత్తురు పైకి ఎక్కువ కనపడలేదు గానీ తొడ చూస్తూండగానే వాచిపోతోంది. నా దగ్గరున్న బట్టలన్నీ దానికి కప్పి, సంచీలోంచి డబ్బా తీసి, మూత లేపి, బొత్తాం నొక్కి పట్టుకున్నాను. కబురు వెళ్ళిందని మొదటి పచ్చదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. కాసేపటికి రెండోది కూడా వెలిగింది. రెండోది వెలిగిందంటే సహాయ కేంద్రానికి అందినట్టు. ఇద్దరం ఏడ్చేశాం. ఏడుస్తూనే నవ్వాం.

"అక్కా, నిజంగనే హెలికాప్టర్ ఒస్తదా?"

"రాక చస్తుందా? జర్మనీ ఇది. ఎస్-బాన్ ఆలస్యమైతేనే మైకులో క్షమించమంటారు."

"అమ్మీకి జెప్పకు. అండ్ల కూసున్నంక నేనే ఫోటో పంపుత."

ఆకాశం నీలంగా ఉంది. గాలి కూడా లేదు. హెలికాప్టర్‌కి ఇంతకంటే మంచి పూట ఉండదని నేను దానికి చెప్పాను. చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. తుమ్మెద ఝుమ్మన్నా అదేననుకున్నాం. ఎవరూ రాలేదు.

ఎండ పోయింది. పడమటి కొండ వెనక నుంచి మబ్బు లేచింది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. దాహం, దాహం అంది, తాగింది వాంతి చేసుకుంది. "ఫోన్ పనిచేసేదాకా కిందికి పరిగెత్తి వస్తానే" అన్నాను. నా కొంగు పట్టుకున్నట్టు నా చొక్కా అంచు పట్టుకుంది. "వద్దక్కా. దీపం వెలిగింది గద. ఒస్తున్నరు. నువ్వు పోతే నేనొక్కదాన్ని ఎట్లుండాలె?" మళ్ళీ బొత్తాం నొక్కాను. మళ్ళీ రెండు దీపాలూ వెలిగాయి. ఆ దీపాలు వెలగకపోయినా బాగుండేది. డబ్బా చచ్చిందని తెలిస్తే, దాని చెయ్యి విడిపించుకునైనా సరే పరిగెత్తేదాన్ని. దీపం వెలిగింది కాబట్టి కూర్చున్నాను.

"ఇప్పుడు నొస్తలేదక్కా" అంది తర్వాత. నొప్పి తగ్గిందని నేను సంతోషించాను, పిచ్చిదాన్ని. దాని దువా అది చదువుకుంది, నా ప్రార్థన నేను చేశాను. ఇద్దరం అడిగింది ఒక్కటే. మబ్బు కిందికి దిగి, మేం కూర్చున్న పల్లమంతా నిండిపోయింది. నా చెయ్యే నాకు సరిగ్గా కనపడలేదు. ఉరిమింది, వాన మొదలైంది. దాని మీద పడుకుని వాన తగలకుండా చూశాను. వానలోనే, నా కింద, అది ఊపిరి ఆపేసింది. పిలిచాను. తిట్టాను. "ఆయ్, మరండీ" అని దానిలాగే నేను అన్నాను. పలకలేదు.

కేకలు వినపడేసరికి సాయంత్రం. పొగమంచులోంచి తాళ్ళతో, స్ట్రెచర్‌తో నడిచి వచ్చారు. హెలికాప్టర్ ఆ మబ్బులో ఎగరలేదు. చాలాసేపు దాని గుండె నొక్కారు. తర్వాత ఆపేశారు. వాళ్ళలో పెద్దాయన నా భుజాల మీద రేకు దుప్పటి కప్పి, మెల్లగా అడిగాడు.

"మధ్యాహ్నం తప్పుడు కబురని ఎందుకు చెప్పారమ్మా?"

నా జర్మన్ తప్పేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు. డబ్బా యజమానికి ఫోన్ చేస్తే, డబ్బా ఇంట్లో భద్రంగా ఉంది, కొండ మీద ఎవరూ లేరు అన్నారట.

ఆ మధ్యాహ్నం జిండెల్ఫింగెన్‌లో ఏం జరిగిందో తర్వాత అన్నయ్యగారు ఒకసారి, వదిన ఒకసారి, విడివిడిగా నాకు చెప్పారు. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఇద్దరూ ఏడ్చారు.

మేం బొత్తాం నొక్కగానే అన్నయ్యగారికి ఫోనొచ్చింది. మీ డబ్బా నుంచి ఆపద కబురొచ్చింది, ఆల్గాయ్ కొండల్లో ఫలానా చోటు అన్నారు. ఆయన లెక్కలో డబ్బా వదిన వాళ్ళ దగ్గరుంది. వెంటనే వదినకి ఫోన్ చేశారు. ఆవిడ "హలో" అనగానే ఆయనకి సగం ప్రాణం లేచొచ్చింది. నిజంగా ఆపద లేకపోతే ఊరికే ఆడకూతుర్ని భయపెట్టడం ఎందుకనుకున్నారు పెద్దమనిషి.

"ఏమ్మా, బాగున్నారా? అందరూ ఇంట్లోనే ఉన్నారా?"

"ఆఁ, ఉన్నామన్నయ్యగారూ. ఏంది, ఇట్టా చేశారు?"

"ఏం లేదమ్మా, ఊరికే. మన డబ్బా మీ దగ్గరే ఉందా?"

ఇదిగో, ఇక్కడ. ఈ ఒక్కచోట ఆవిడ "లేదన్నయ్యగారూ, పిల్లలకిచ్చాను" అని ఉంటే, పైన ఆకాశం నీలంగా ఉంది, గాలి కూడా లేదు. కానీ ఆయన ఊరికే అన్నారు. అడిగి తెచ్చుకున్న వస్తువు, అడక్కుండా ఇంకొకరికి ఇచ్చింది. చేతులు మారితే చెప్పండన్న పెద్దాయనకి చెప్పలేదు. రేపు ఆదివారం ఎలాగూ చేతికిచ్చేస్తుంది. ఒక్క పూట మాటకి ఎందుకు చిన్నబుచ్చుకోవడం?

"డబ్బా మా ఇంట్లోనే ఉందన్నయ్యగారూ. రేపు తెచ్చిస్తా."

"పర్లేదమ్మా, తొందరేం లేదు" అన్నారాయన.

ఆయన సహాయ కేంద్రానికి చెప్పేశారు. మావాళ్ళు పోయిన వారం అక్కడికి వెళ్ళారు, అప్పటి కబురేదో ఇప్పుడొచ్చినట్టుంది, ఇదివరకోసారి కూడా పొరపాటున మోగింది, డబ్బా ఇంట్లోనే ఉంది అని. ఖాయమేనా అని వాళ్ళు అడిగారట. ఖాయమే అన్నారట. మేం రెండోసారి నొక్కినప్పుడు కూడా ఫోనొచ్చింది. డబ్బా పాడైందని చెప్పి, విసిగించినందుకు వాళ్ళని క్షమించమని అడిగారట!

వదినకి మాత్రం మనసు పీకుతూనే ఉంది. శనివారం పూట అన్నయ్యగారు ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. నా ఫోన్‌కి చేసింది, పిల్ల ఫోన్‌కి చేసింది, కలవలేదు. కొండల్లో కలవవులే అనుకుంది. మా ఊరి మీదికి కూడా మబ్బు కమ్మి నాలుగు చినుకులు పడ్డాక ఇక ఉండబట్టలేక ఆయనకి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, నేను నిజం చెప్పలేదు" అంది. ఆయన సహాయ కేంద్రానికి చెప్పాక, అప్పుడు బయల్దేరారు రక్షణ దళం వాళ్ళు కొండ మీదికి.

మొహమాటానికి పోతే కడుపయిందని మా నాయనమ్మ అనేది. కడుపైతే నయమే, ఒక ప్రాణం వస్తుంది. మా వాళ్ళ మొహమాటం నా చెల్లెల్లాంటి పిల్ల ప్రాణం తీసింది. భయపెట్టకూడదని ఒకరు, చిన్నబోకూడదని ఒకరు. ఇద్దరూ మంచివాళ్ళే! ఆ మంచితనాన్ని ఏం చేసుకోను నేను? దొంగలో, దుర్మార్గులో అయితే నోరారా తిట్టుకునేదాన్ని కదా.

స్టుట్‌గార్ట్ మసీదు నుంచి ఆడవాళ్ళు వచ్చి పిల్లకి స్నానం చేయించారు. హైదరాబాద్ పంపే కాగితాల కోసం శవపేటిక కొన్నాళ్ళు ఇక్కడే ఉండిపోయింది. దాని గదిలో బేకరీ సంచీ మేకుకి వేలాడుతూనే ఉంది. నా రెండు చేతులకీ కట్లు. వదిన రోజూ వచ్చి బెల్లు కొట్టేది. నేను తలుపు తీసేదాన్ని కాదు. అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి పోయేది. ఆ గిన్నెని కాలితో తన్నాలనిపించేది. ఆకలేసి తినేదాన్ని, తిన్నందుకు నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఒక రోజు తలుపు తీశాను. అనాల్సిన మాటలన్నీ పోగేసుకునే తీశాను. ఆవిడ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మనిషి సగమైపోయింది. ఎదురుగా నేను కూర్చున్నాను.

"వదినా, వాళ్ళ అమ్మీ ఫోన్ చేస్తుంది. అంతా చెప్తాను. పూస గుచ్చినట్టు చెప్తాను. నువ్వేమన్నావో, ఆయనేమన్నారో, మేం ఎంతసేపు ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నామో" అన్నాను.

అడ్డం చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. "చెప్పమ్మా" అంది. "నువ్వు చెప్పలేకపోతే ఫోన్ నాకియ్యి, నేనే చెప్తా. ఆ తల్లితో తిట్టించుకోకపోతే నాకు నిద్దర పట్టదు."

ఫోన్ మోగింది. కట్లున్న చేతులతో పట్టుకోలేను కాబట్టి బల్ల మీదే పెట్టి స్పీకర్ నొక్కాను.

అమ్మీ గొంతు మామూలుగానే ఉంది. బళ్ళో పాఠం చెప్పే గొంతు. నా చేతులెలా ఉన్నాయని ముందు అడిగింది. తిన్నావా అని అడిగింది.

"బిడ్డా, నాకొక్కటే చెప్పు. ఇంకేం అడగ. బటన్ ఒత్తినంక ఆళ్ళు జల్ది ఒచ్చిన్రా? నా బిడ్డ ఎదురు సూసుకుంట సూసుకుంట పోయిందా, ఆళ్ళ చేతుల్ల పోయిందా?"

వదిన నా మొహంలోకి చూస్తోంది. నేను నోరు తెరిచాను. పోగేసుకున్న మాటల్లో ఒక్కటి కూడా రాలేదు.

"వచ్చారమ్మా" అన్నాను. "వెంటనే వచ్చారు. డాక్టర్ కూడా వచ్చాడు. ఎంత చేసినా దక్కలేదు. నొప్పి తెలియలేదమ్మా దానికి."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. "అల్‌హమ్దులిల్లా" అంది అమ్మీ. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని మళ్ళీ మాట్లాడింది.

"ఒక్కతే పడి లేదు, గంతే సాలు నాకు. ఆ డబ్బ ఇచ్చిన ఆంటీ గురించి నాకు చెప్పింది బిడ్డా, వాయిస్ మెసేజ్ల. రోజుకు పది సార్లు ఇంటున్న ఆ మెసేజ్. ఆమె ఇయ్యబట్టే గద ఆళ్ళు గంత జల్ది ఒచ్చిన్రు. ఆమెకు నా సలాం చెప్పాలె. ఆమె పిల్లలు సల్లగుండాలె."

వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత ఒక చెయ్యి తీసి, ఫోన్ కోసం నా వైపు చాచింది.

"ఆమె మీకు దగ్గర్లనే ఉంటదా బిడ్డా? ఉంటే ఒక్కసారి ఫోనియ్యి. నేనే చెప్పుకుంట."

నేను ఫోన్‌ని నా వైపు లాక్కున్నాను.

"ఇక్కడ లేదమ్మా" అన్నాను. వదిన చెయ్యి ఇంకా బల్ల మీదే చాపి ఉంది.